టిక్ టిక్ అంటుంది, వెలగదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ప్రొజెక్టర్ల గురించే. బడులు తెరిచారు కదా, రెండు నెలలు బీరువాలో పడుకున్న యంత్రాన్ని బయటికి తీస్తే లేవనని మొరాయిస్తోంది. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దది. మిగతావాళ్లు కూడా ముందు అది చదివి ఆ తర్వాత మీ జవాబు దగ్గరికి రండి, లేకపోతే సగం అర్థం కాదు.

ప్రశ్న: సార్, మాది పార్వతీపురం వైపు ఓ పల్లెటూరి హైస్కూలు. మా ప్రొజెక్టరు ఐదేళ్ల కిందట పూర్వ విద్యార్థులు కొనిచ్చింది. ఏప్రిల్ దాకా నడిచింది, కాకపోతే చివర్లో బొమ్మ మసకబారి, అప్పుడప్పుడు మిణుకుమనేది. ఇప్పుడు స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, లోపల టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. మూడోసారి తర్వాత ల్యాంపు గుర్తు దగ్గర ఎర్ర లైటు వెలిగి అంతా ఆగిపోతుంది. టౌన్లో షాపతను ల్యాంపు పోయింది, 9,500 అవుతుంది అన్నాడు. మా సైన్సు టీచరు ల్యాంపు బయటికి తీసి మల్టీమీటర్ పెడితే బీప్ రాలేదు, కాబట్టి పోయినట్టే అన్నారు. మా హెచ్ఎం గారు మాత్రం అంత డబ్బు పోశాక కూడా వెలగకపోతే ఎవరిది బాధ్యత అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ సైన్సు టీచరు గారికి నమస్కారాలు చెప్పి, ఆ మల్టీమీటర్ పరీక్షను మాత్రం లెక్కలోంచి తీసేయమనండి. షోరూంలో అట్టపెట్టె విప్పి తీసిన కొత్త ల్యాంపుకి పెట్టినా బీప్ రాదు. పాతకాలం గుండ్రటి బల్బులో ఈ చివర నుంచి ఆ చివరకు తీగ ఉంటుంది కాబట్టి మీటరు పలుకుతుంది. ప్రొజెక్టరు ల్యాంపులో ఆ తీగే లేదు. రెండు టంగ్‌స్టన్ మొనలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో ఆవగింజ పట్టీపట్టనంత సందు, ఒక మిల్లీమీటరు చిల్లర. ఆ సందులో కరెంటు దూకి నిలబడితేనే వెలుగు. పాత టూరింగ్ టాకీసుల్లో ఆపరేటరు రెండు కార్బన్ కడ్డీలను ఆనించి, కొంచెం ఎడం జరిపి వెలిగించేవాడు, సినిమా నడుస్తున్నంతసేపూ అవి అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతూ కూర్చునేవాడు, గుర్తుందా? ఇదీ ఆ కుటుంబానిదే. కాకపోతే ఇక్కడ మొనల్ని జరిపే వీలు లేదు. శనగగింజంత క్వార్ట్జ్ గోళంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసంతో సహా వాటిని మూసేసి ఉంచుతారు. ల్యాంపు వెలిగి వేడెక్కాక ఆ పాదరసమంతా ఆవిరై లోపల ఒత్తిడి 200 అట్మాస్ఫియర్ల దాకా పోతుంది. కారు టైరులో గాలికి దాదాపు వంద రెట్లు అనుకోండి, అదీ శనగగింజలో.

ఆ సందు మీదుగా మొదటిసారి కరెంటును దూకించాలంటే ఇంట్లో వచ్చే 230 వోల్టులు ఏ మూలకూ చాలవు. బ్యాలాస్ట్ అని ఒక బోర్డు ఉంటుంది, మన ట్యూబ్‌లైటు చోక్‌కి చదువుకున్న తమ్ముడన్నమాట. అది కొన్ని వేల వోల్టుల దెబ్బలు టకటకా కొడుతుంది. ఒకసారి దూకి నిలబడ్డాక వంద లోపు వోల్టులతోనే నడిపించేస్తుంది. మీకు వినబడే టిక్ టిక్ ఆ దెబ్బలే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే ఈ చప్పుడు మీకు చాలా డబ్బు మిగులుస్తుంది. బ్యాలాస్ట్ తనంతట తాను కొట్టదు. మెయిన్ బోర్డు మొదట ల్యాంపు మూత సరిగ్గా పడిందా అని చూసుకుంటుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని చూసుకుంటుంది, డీఎల్‌పీ రకమైతే, అంటే కంటికి ఆనని బుల్లి అద్దాల చిప్‌తో బొమ్మ వేసేదైతే, రంగుల చక్రం స్పీడు అందుకుందా అని కూడా చూసుకుని, అన్నీ కుదిరాకే బ్యాలాస్ట్‌కి ఇక కొట్టు అని సైగ చేస్తుంది. టిక్ టిక్ వినబడిందంటే ఇవన్నీ పాసైనట్టే. వెలిగితే వెలిగిందని బ్యాలాస్ట్ తిరిగి కబురు పంపాలి, ఆ కబురు రాకపోతే బోర్డు ఆపేసి మళ్లీ ప్రయత్నిస్తుంది, చాలా మోడళ్లలో రెండు మూడుసార్లు చూసి ఎర్ర లైటు వేసి చేతులెత్తేస్తుంది. సరిగ్గా మీరు రాసిందే. అంటే మీ దొంగ ముగ్గురిలో ఒకడు: ల్యాంపు, ల్యాంపుకి వెళ్లే కనెక్టరు, లేదా దెబ్బలో పస తగ్గిన బ్యాలాస్ట్.

ప్లగ్గు పీకేసి, ల్యాంపు పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ బయటికి తీయండి. దాని స్క్రూలు ఊడి చేతికి రావు, వదులు చేస్తే అక్కడే నిలబడతాయి, బలవంతంగా పీకకండి. పైకి లాగడానికి మడత తీగ హ్యాండిల్ ఉంటుంది. బయటికి తీశాక కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, అద్దం వంటి గిన్నె మధ్యలో ఉన్న ఆ చిన్న గోళాన్ని చూడండి. బాగున్నదైతే నీళ్ల చుక్కలా తేటగా, మొనలు రెండూ కనిపిస్తూ ఉంటుంది, లోపల అక్కడక్కడా వెండి చుక్కలు అంటుకుని ఉంటే భయపడకండి, అది చల్లబడిన పాదరసం. నల్లగా మసిబారి ఉందా, పాలు పోసినట్టు తెల్లబడిందా, ఒక పక్క ఉబ్బి వంకరపోయిందా, సన్నటి గీత ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక పరీక్షలు అక్కర్లేదు, దాని రోజులు అయిపోయాయి. అలా ఉబ్బిన దాన్ని మరోసారి చూద్దామని వెలిగించే ప్రయత్నం మాత్రం చేయకండి, పేలే ల్యాంపులు చాలావరకు ఇవే.

గోళం తేటగానే ఉంటే ల్యాంపు వెనక ప్లగ్గు, ప్రొజెక్టరులో అది కూర్చునే సాకెట్ రెండూ చూడండి. పిన్ను గోధుమ రంగులోకి తిరిగి, ప్లాస్టిక్ కరిగి, కాలిన వాసన వస్తుంటే అక్కడే దెబ్బ తప్పిపోతోంది. వదులుగా కూర్చున్న పిన్ను దగ్గర కరెంటు పక్కదారిన దూకుతుంది, అప్పుడూ టిక్ టిక్ అనే వినిపిస్తుంది, వెలుగు మాత్రం రాదు. ఒకటి రెండుసార్లు తీసి గట్టిగా నొక్కి పెట్టి, స్క్రూలు బిగించి చూడండి. ఈ ఒక్క పనితో వెలిగినవి నా చేతుల మీదుగానే చాలా ఉన్నాయి, డబ్బులు అడగడానికి నాకే మొహమాటం వేసేది.

ఇక నా అంచనా. ఐదేళ్లు, చివర్లో మసక, మిణుకు, ఆ తర్వాత టిక్ టిక్. నూటికి ఎనభై ల్యాంపే. మొనలు అరిగి సందు పెరిగిపోయింది, దెబ్బ అంత దూరం దూకలేకపోతోంది. షాపతను చెప్పింది తప్పేమీ కాదు. కానీ హెచ్ఎం గారి ప్రశ్నకు కూడా జవాబు ఉంది: ప్రొజెక్టరును షాపుకే పట్టుకెళ్లండి, అదే నంబరు ల్యాంపు పెట్టి కళ్లముందు అరగంట వెలిగించి చూపిస్తే డబ్బిస్తాం, వెలగకపోతే ల్యాంపు మీదే అని ముందే మాట్లాడుకోండి. సరుకు మీద నమ్మకం ఉన్నవాడు ఒప్పుకుంటాడు. ల్యాంపును చేత్తో కూడా తాకకుండా ఫోన్లోనే ధర చెప్పేవాడి దగ్గర జాగ్రత్త.

కొనేటప్పుడు ప్రొజెక్టరు మోడల్ కాదు, ల్యాంపు వెనక అతికించిన కోడ్ చూసి కొనండి. గిన్నెతో, ప్లాస్టిక్ చట్రంతో సహా మొత్తం సెట్ ఒక ధర, ఉత్తి బల్బు ఒక ధర ఉంటుంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో అడిగించండి, రెండూ దొరుకుతాయి. ఉత్తి బల్బు చవకే, కానీ పాత చట్రంలో ఇమిడేలా సరిగ్గా కూర్చోబెట్టాలి, కొంచెం వంకరైనా బొమ్మ ఒక మూల చీకటిగా పడుతుంది. చేయి తిరిగినవాడు లేకపోతే సెట్టే కొనండి. పెట్టేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోటే ముందు కాలుతుంది. వెలిగాక మెనూలోకి వెళ్లి ల్యాంపు గంటలు సున్నా చేయండి. చాలామంది ఇది మర్చిపోతారు, పాత లెక్కే నడుస్తూ ఉంటుంది, కొన్ని మోడళ్లు ఆ లెక్క హద్దు దాటగానే బంగారం లాంటి కొత్త ల్యాంపును కూడా వెలిగించనంటాయి.

ప్రశ్న: అన్నా, నేను జనగామలో పెళ్లిళ్లకు, క్రికెట్ మ్యాచ్‌లకు ప్రొజెక్టర్లు కిరాయికి ఇస్తా. నిన్ననే కొత్త ల్యాంపు వేసిన, బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతది, అంతే. టిక్ అని కూడా అనదు. పాత ల్యాంపు తిరిగి పెట్టినా అట్లనే ఉంది. ల్యాంపు డూప్లికేటు ఇచ్చిండ్రా, బ్యాలాస్ట్ పోయిందా? ఎల్లుండి పెళ్లి ఆర్డరుంది, టెన్షన్ పడుతున్న.

జవాబు: తమ్మీ, ల్యాంపు వాడితో ఇంకా కొట్లాట పెట్టుకోకు. చప్పుడే రాలేదంటే ల్యాంపు వంతే ఇంకా రాలేదు, డూప్లికేటైనా అసలుదైనా కనీసం టిక్ అనాలి. నువ్వు నిన్న విప్పింది ఏమిటి? మూత. కాబట్టి మొదటి అనుమానం మూత మీదే.

ల్యాంపు మూత లోపలివైపు ఒక చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది, మూత మూయగానే అది లోపల మైక్రో స్విచ్‌ని నొక్కుతుంది. ల్యాంపు వెలుగుతుండగా ఎవరైనా మూత తీస్తే కళ్లు పోకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆ కొక్కెం విరిగినా, మూత ఒక పక్క అర మిల్లీమీటరు పైకి లేచి ఉన్నా స్విచ్ పడదు, బోర్డుకి మూత తెరిచే ఉన్నట్టు లెక్క. మూత తీసి ఆ స్విచ్ మీద పుల్లతో నొక్కి చూడు, టక్‌మని స్పష్టంగా లోపలికి పోయి రావాలి. మెత్తగా పోయి అక్కడే ఉండిపోతోందంటే లోపల ఏదో చేరింది. పోయిన వానాకాలం నా దగ్గరికి వచ్చిన ఒక యంత్రంలో ఆ స్విచ్ నిండా ఎర్ర చీమలు, గుడ్లతో సహా కాపురం పెట్టేశాయి. పెళ్లి లడ్డూ పొడి రాలిన పెట్టెలోనే ప్రొజెక్టరు సర్దుకొచ్చాడట దాని ఓనరు. నీ పెట్టె కూడా ఒకసారి దులుపు.

స్విచ్‌ని దారంతో కట్టేసి మూత లేకుండా నడిపేవాళ్లను చూశాను. ఆ పని మాత్రం వద్దు, ఆ వెలుగులో అల్ట్రావయొలెట్ కూడా ఉంటుంది, పైగా పేలితే గాజు ముక్కలు నేరుగా నీ ముఖం మీదికే.

మూత బాగానే ఉంటే, ల్యాంపు మార్చేటప్పుడు పక్కనున్న సన్న వైరేదైనా లాగావేమో చూడు. ల్యాంపు పక్కనే వేడి చూసే స్విచ్ ఒకటి ఉంటుంది, దాని ప్లగ్గు ఊడిపోయినా ఇంతే. అదీ కాకపోతే బటన్ నొక్కి చెవి పెట్టి విను. డీఎల్‌పీ యంత్రమైతే ఫ్యాను హోరులోంచి సన్నగా సుయ్యిమని ఇంకో శబ్దం పైకి లేవాలి, అది రంగుల చక్రం, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ సుయ్యి లేకపోయినా, గరగరమంటున్నా బోర్డు సైగ ఇవ్వదు. దీని దగ్గర నేనే ఒకసారి మోసపోయాను. ఓ కాలేజీ ప్రొజెక్టరుకి ల్యాంపు మార్పించి, వెలగకపోతే బ్యాలాస్ట్ మార్పించి, అప్పటికీ వెలగక రాత్రంతా కూర్చుని చూస్తే, చక్రం చక్కగా తిరుగుతూనే ఉంది. దాని ఇరుసు మీద ఒక నల్లటి గీత ఉంటుంది, ఆ గీత ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టే చిన్న సెన్సార్ ఒకటి ఎదురుగా ఉంటుంది, ఆ సెన్సార్ మీద సుద్దపొడి పేరుకుంది. చక్రం తిరుగుతోందన్న సంగతి బోర్డుకి తెలియడమే లేదు! చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ఒక్కసారి తుడిచాను, వెలిగింది. ల్యాంపు డబ్బులు, బ్యాలాస్ట్ డబ్బులు నా నెత్తిన పడ్డాయి.

ఇవన్నీ బాగుండి కూడా టిక్ రాకపోతే అప్పుడు బ్యాలాస్ట్, లేదా దానికి కరెంటు పంపే పవర్ సప్లై. బ్యాలాస్ట్‌కి వచ్చేది 380 వోల్టుల దాకా ఉండే డీసీ, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు ఉండిపోతుంది. అలవాటు లేకపోతే అక్కడ చెయ్యి పెట్టకు, మెకానిక్‌కి ఇచ్చెయ్యి. ఎల్లుండి పెళ్లికి ఇప్పుడే వేరే ప్రొజెక్టరు మాట్లాడి పెట్టుకో, మరమ్మతు తొందరలో చేస్తే ఇలాంటివి ఇంకా బిగుసుకుంటాయి.

ప్రశ్న: నమస్తే అండీ. ఇంట్లో సినిమాలకని మావారు ప్రొజెక్టరు కొన్నారు. మా వైపు సాయంత్రం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయి వెంటనే వచ్చినప్పుడు ఆన్ చేస్తే వెలగదు, కాసేపు పోయాక అదే వెలుగుతుంది. పాడైపోతోందా? ఒక గృహిణి, పాలకొల్లు.

జవాబు: పాడవలేదమ్మా, కానీ ఇలాగే సాగితే త్వరగా పాడవుతుంది. పైన చెప్పిన 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి గుర్తుందా, ల్యాంపు వేడిగా ఉన్నంతసేపూ ఆ ఒత్తిడి లోపల ఉంటుంది. అంత చిక్కటి ఆవిరిలోంచి కరెంటు దూకదు, బ్యాలాస్ట్ ఎంత కొట్టినా వృథా. కాస్త చల్లారి ఒత్తిడి దిగాక దూకుతుంది. కాబట్టి కరెంటు రాగానే బటన్ నొక్కకండి, ప్లగ్గులో ఉంచి ఐదు పది నిమిషాలు వదిలేయండి.

అసలు నష్టం వేరే చోట ఉంది. మామూలుగా ఆపినప్పుడు ఫ్యాను ఇంకాసేపు తిరిగి ల్యాంపును చల్లబరుస్తుంది, కరెంటే పోతే ఫ్యానూ ఆగిపోతుంది, ఆ వేడంతా లోపలే మగ్గుతుంది. కంప్యూటరుకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి దానికొక్కదానికే పెట్టించండి, 600 వీఏది ఇంటి ప్రొజెక్టర్లకు చాలావరకు సరిపోతుంది. సినిమా పూర్తి చేయడానికి కాదు, కరెంటు పోగానే మీరే బటన్ నొక్కి సక్రమంగా ఆపడానికి. సౌండు బాక్సులు దాని మీద వేయకండి.

ఇంకోటి, మీరడగకపోయినా చెబుతున్నా, కరెంటు ఉండగానే వెలిగి పది నిమిషాలకు ఆరిపోవడం మొదలైతే ముందు గాలి ఫిల్టరు తీసి చూడండి. దూదిపరుపులా దుమ్ము పట్టి ఉంటుంది.

ప్రశ్న: ల్యాంపు ఢాం అని పేలింది సార్. పాదరసం ఉంటుందంటున్నారు, పిల్లలున్న ఇల్లు. ఏం చేయాలి? అలాగే ఈ ల్యాంపుల గొడవ లేకుండా అదే ప్రొజెక్టరులో ఎల్ఈడీ బల్బు పెట్టుకోవచ్చని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? ఖమ్మం నుంచి ఓ పాఠకుడు.

జవాబు: ప్లగ్గు పీకేసి, కిటికీలు తలుపులు బార్లా తెరిచి, పిల్లల్ని తీసుకుని అరగంట బయటికి వెళ్లిపోండి. ఉన్నది మిల్లీగ్రాములే, కానీ వేడి ఆవిరి కదా, పీల్చకపోవడమే మంచిది. చల్లారాక గ్లౌజులు వేసుకుని గాజు ముక్కల్ని దళసరి అట్టముక్కతో ఎత్తి, నలుసుల్ని టేపుతో అద్ది, మూతున్న డబ్బాలో వేసి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చీపురు వద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, రెండూ దాన్ని గదంతా పంచిపెడతాయి. కొత్త ల్యాంపు పెట్టేముందు ప్రొజెక్టరు లోపలి ముక్కల్ని మెకానిక్‌తో తీయించండి, ఒక్క నలుసు ఫ్యానులో పడినా మళ్లీ మొదటికే వస్తుంది.

ఎల్ఈడీ సంగతి: వెలుగుతుంది, నిజమే, వీడియోలో చీకటి గదిలో బాగానే కనిపిస్తుంది కూడా. మీ యంత్రంలోని అద్దాలూ కటకాలూ అన్నీ ఒక మిల్లీమీటరు చుక్కలోంచి వచ్చే వెలుగును పట్టుకునేలా చేసినవి. ఎల్ఈడీ వెలుగు రూపాయి బిళ్లంత మేర పరుచుకుని వస్తుంది, అందులో లెన్స్ దాకా చేరేది కొంచెమే. దాని పైన, వెలిగిందని బ్యాలాస్ట్ నుంచి బోర్డుకి రావాల్సిన కబురు రాదు కాబట్టి దాన్ని దొంగ సైగతో నమ్మించాలి. పాత ప్రొజెక్టరు మూల పడి ఉంటే సరదాకి చేసుకోండి. సినిమా చూడటానికైతే ల్యాంపే కొనండి. మొత్తంగా కొత్త యంత్రమే కొనే ఆలోచన ఉంటే లేజర్‌ది అడగండి, ధర ఎక్కువే గానీ వాటికి 20,000 గంటల ఆయువు చెబుతున్నారు, మార్చాల్సిన ల్యాంపే ఉండదు. పేలిన ల్యాంపు చట్రం మాత్రం పారేయకండి, దాని వెనక ఉన్న కోడే రేపు షాపులో అడుగుతారు.